ఎగిరే మ్యూజియాలు: పాత యుద్ధ విమానాలను బతికించిన అభిమాన సంఘాల కథ

ఈ ఎపిసోడ్ విమానాల గురించే, కానీ అసలు కథ మాత్రం మనుషులది. జీతం లేకుండా, లాభం లేకుండా, శనివారం ఆదివారం గ్రీజు పూసుకుని పాత విమానాల కింద పడుకునే మనుషుల కథ.

వైజాగ్ వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆర్.కె. బీచ్ రోడ్డు మీద టీయూ-142 విమానాన్ని చూసే ఉంటారు. మన నేవీలో 29 ఏళ్ళు పనిచేసింది. 2017 మార్చిలో రిటైర్ అయింది, అదే ఏడాది డిసెంబర్‌లో మ్యూజియం అయింది. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తాం, పైలట్ సీటు చూస్తాం, ఫొటో దిగుతాం, బయటికొచ్చి ముంత మసాలా తింటూ కబుర్లు చెప్పుకుంటాం. ఆ విమానం ఇక ఎగరదు. ఎగరాలని ఎవరూ అడగరు కూడా.

కానీ అమెరికాలో, బ్రిటన్‌లో కొంతమంది సరిగ్గా అదే అడిగారు. "విమానాన్ని నేల మీద పెడితే అది విమానం ఎలా అవుతుంది? ఎగరాలి కదా!" అన్నారు. అనడమే కాదు, సంఘాలు పెట్టారు, చందాలు వేసుకున్నారు, 60 ఏళ్ళకు పైగా ఎగరేస్తూ వచ్చారు. ఆ మొండితనం వల్లే కొన్ని రకాల విమానాలు ఈ భూమ్మీద ఇంకా ఎగురుతున్నాయి. ఆ మొండితనం వల్లే కొంతమంది చనిపోయారు కూడా. రెండూ నిజమే. అందుకే ఈ కథ చెప్పుకోవాలి.

మూడు లక్షల విమానాలు ఏమయ్యాయి?

రెండో ప్రపంచ యుద్ధం సమయంలో అమెరికా ఒక్కటే దాదాపు 3 లక్షల విమానాలు తయారుచేసింది. బీ-17 బాంబర్లు 12,700 పైచిలుకు. బీ-24 లిబరేటర్లు 18 వేలకు పైగా. పీ-51 మస్టాంగ్ ఫైటర్లు 15 వేలకు పైగా. బీ-29లు దాదాపు 4 వేలు.

1945లో యుద్ధం అయిపోయింది. ఇన్ని విమానాలు ఏం చేసుకోవాలి? అరిజోనా రాష్ట్రంలో కింగ్‌మన్ అని ఒక ఊరుంది. అక్కడి ఎయిర్‌ఫీల్డ్‌లో 5 వేలకు పైగా విమానాలను వరసగా నిలబెట్టి, ముక్కలు కోసి, కొలిమిలో కరిగించి అల్యూమినియం దిమ్మెలుగా పోశారు. కొన్నయితే ఫ్యాక్టరీ నుంచి నేరుగా అక్కడికే వచ్చాయి, ఒక్కసారి కూడా యుద్ధం చూడలేదు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం అండి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన దేశానికి గిన్నెలు కావాలి, కిటికీలు కావాలి, ఇళ్ళు కావాలి. పైగా అప్పటికే జెట్ విమానాలు వచ్చేశాయి. ఐదేళ్ళ కిందటి పాత ఫోన్‌ని మనం ఎలా చూస్తామో, ఈ ఫ్యాన్ తిరిగే విమానాలను వాళ్ళు అలా చూశారు.

ఐదుగురు స్నేహితులు, 1,500 డాలర్లు

1957. టెక్సాస్ దక్షిణ కొస. లాయిడ్ నోలెన్ అనే ఆయన యుద్ధకాలంలో సైన్యంలో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశారు. ఆయనకి పీ-51 అంటే పిచ్చి. నలుగురు స్నేహితులను కలుపుకుని, అందరూ తలా కొంచెం వేసుకుని 1,500 డాలర్లకు ఒక మస్టాంగ్ కొన్నారు. మరుసటి ఏడాది నేవీ వాడిన బేర్‌క్యాట్ ఫైటర్లు రెండు కొన్నారు. ఒక్కోటి 805 డాలర్లు! నేవీ ఫైటర్ విమానం, పాత కారు రేటుకి.

1960 ప్రాంతంలో వాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. యుద్ధంలో వాడిన ప్రతి రకం విమానం ఒక్కోటి సంపాదిస్తే ఎలా ఉంటుంది అని వెతకడం మొదలుపెట్టారు. వెతికితే ఏముంది? వేలల్లో తయారైన రకాలు కూడా ఎగిరే స్థితిలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. మిగిలినవీ రోజురోజుకీ పాతసామాన్ల కొట్టుకి వెళ్ళిపోతున్నాయి. వాటిని ఎగిరే స్థితిలో దాచాలన్న ప్రణాళిక ప్రభుత్వానికి లేదు. సరదాగా మొదలైన పని సీరియస్ అయింది. 1961 సెప్టెంబర్ 6న దాన్ని టెక్సాస్ చట్టం కింద లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టర్ చేశారు.

దాని పేరు కాన్ఫెడరేట్ ఎయిర్ ఫోర్స్. వాళ్ళ మస్టాంగ్ మీద ఎవరో జోక్‌గా ఆ పేరు రాసి పెట్టారట, అదే ఖాయమైపోయింది. సభ్యులందరూ ఒకరినొకరు 'కల్నల్' అని పిలుచుకునేవాళ్ళు. వాళ్ళకి అది తమాషా. కానీ కాన్ఫెడరేట్ అంటే ఏమిటి? 1861 నుంచి 1865 దాకా బానిసత్వాన్ని కాపాడుకోవడానికి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల కూటమి. నల్లజాతి అమెరికన్‌కి ఆ పేరు ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. చివరికి 2002 జనవరి 1 నుంచి పేరు మార్చుకున్నారు. ఇప్పుడది కమెమొరేటివ్ ఎయిర్ ఫోర్స్, స్మారక వైమానిక దళం. పొట్టి పేరు మాత్రం అదే, సీఏఎఫ్. 170కి పైగా విమానాలున్న సంస్థ అది. చాలా దేశాల వైమానిక దళాలకు అన్ని లేవు.

లాభాపేక్ష లేని సంస్థ అంటే డబ్బు ఎక్కడిది?

ఇక్కడ చాలామందికి ఒక డౌట్ వస్తుంది. లాభం లేదంటే డబ్బు తీసుకోరా? తీసుకుంటారు. బాగానే తీసుకుంటారు. తేడా ఏమిటంటే, మిగిలిన డబ్బుని సభ్యులు పంచుకోకూడదు. మళ్ళీ సంస్థ పనికే ఖర్చుపెట్టాలి. మన దగ్గర సొసైటీ కింద రిజిస్టర్ చేసిన గ్రంథాలయం ఎలాగో అలాగ అనుకోండి. విమానం సంస్థది, మనిషిది కాదు. ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటుంది.

డబ్బు నాలుగు దారుల్లో వస్తుంది. సభ్యత్వ చందా, విరాళాలు, ఎయిర్ షో ఆదాయం. నాలుగోది చాలా ముఖ్యం: రైడ్లు. మామూలుగా ఇలాంటి పాత సైనిక విమానంలో టికెట్ పెట్టి జనాన్ని ఎక్కించుకోవడానికి అమెరికా విమానయాన నిబంధనలు ఒప్పుకోవు. ప్రయాణికుల విమానానికి ఉండాల్సిన సర్టిఫికెట్ దానికి ఉండదు కాబట్టి. కానీ 1990ల నుంచి ఎఫ్ఏఏ, అంటే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ, ఇలాంటి సంఘాలకు ఒక ప్రత్యేక మినహాయింపు ఇవ్వడం మొదలుపెట్టింది. చరిత్రను అనుభవంలోకి తెచ్చే ప్రయాణం అనే పేరుతో కొన్ని షరతులు పెట్టి, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకోనిచ్చింది. ఆ డబ్బుతోనే ఇంజన్లు బాగుచేయించుకుంటారు.

ఈ మినహాయింపు సంగతి గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఎడారిలో దొరికిన బీ-29

హిరోషిమా, నాగసాకి మీద అణుబాంబులు వేసిన విమానం రకం బీ-29. 1970 నాటికి అది ఎక్కడా ఎగరడం లేదు. సీఏఎఫ్ వాళ్ళకి కాలిఫోర్నియా ఎడారిలో చైనా లేక్ అనే నేవీ ఆయుధ పరీక్షా కేంద్రంలో కొన్ని ఉన్నాయని తెలిసింది. అక్కడ వాటితో ఏం చేస్తున్నారో తెలుసా? టార్గెట్లు. కొత్త ఆయుధాలు వాటి మీద ప్రయోగించి చూస్తున్నారు!

1971లో అనుమతి సంపాదించి ఒక విమానాన్ని ఎంచుకున్నారు. సుమారు 9 వారాలు ఆ ఎండలో పనిచేసి, ఆగస్టు 3న నేరుగా టెక్సాస్‌లోని హార్లింగెన్‌కి ఎగరేసుకుని వెళ్ళిపోయారు. దాదాపు 2,000 కిలోమీటర్లు, ఆరున్నర గంటల పైన. ఏళ్ళ తరబడి ఎడారిలో పడున్న విమానం అది! 1974లో దానికి ఫిఫీ అని పేరు పెట్టారు, ఆ పనికి అండగా నిలిచిన సభ్యుడి భార్య ముద్దుపేరు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు ప్రపంచంలో ఎగిరే బీ-29 అదొక్కటే.

2016 జులై 17న రెండోది గాల్లోకి లేచింది. పేరు డాక్. ఇదీ చైనా లేక్‌లోదే. 1987లో ఒక అభిమాని దాన్ని గుర్తించాడు. ప్రభుత్వం నుంచి తీసుకోవడానికే దశాబ్దం దాటింది. 2000లో విమానాన్ని ముక్కలుగా కాన్సస్‌లోని విచిటా నగరానికి తెచ్చారు. విచిటాకే ఎందుకంటే, అది పుట్టింది అక్కడి బోయింగ్ ఫ్యాక్టరీలోనే. ఆ ఊళ్ళో రిటైరైన మెకానిక్కులు, విమానాల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళు వచ్చి చేతులు కలిపారు. మధ్యలో డబ్బులైపోయి పని ఆగింది. 2013లో స్థానికులు డాక్స్ ఫ్రెండ్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఊరికి రావడానికి, ఎగరడానికి మధ్య 16 ఏళ్ళు. నేను పనిచేసిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఆరు నెలల్లో సగం టీమ్ మారిపోయేది. జీతం లేకుండా 16 ఏళ్ళు ఒకే బగ్ మీద కూర్చోవడం అంటే ఏమిటో నాకు ఊహకి కూడా అందదు.

అయితే ఇదే ఫిఫీతో 1976 అక్టోబర్‌లో ఇంకో పని కూడా చేశారు. హార్లింగెన్ ఎయిర్ షోలో హిరోషిమా బాంబింగ్‌ని మళ్ళీ నటించి చూపించారు. విమానం నడిపింది ఎవరో కాదు, నిజంగా హిరోషిమా మీద బాంబు వేసిన విమానానికి పైలట్‌గా ఉన్న పాల్ టిబెట్స్. కింద పుట్టగొడుగు ఆకారంలో పొగ లేపారు. వేలమంది జనం చూశారు. జపాన్‌లో మంట లేచింది, హిరోషిమా మేయర్ నిరసన తెలిపారు, అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

యంత్రం మీద ప్రేమ ఒక్కోసారి ఆ యంత్రం ఏం చేసిందో మర్చిపోయేలా చేస్తుంది. లక్షమందికి పైగా మనుషులను పొట్టనబెట్టుకున్న ఘటన ఇక్కడ వినోదంలో ఒక ఐటమ్ అయిపోయింది. విమానాన్ని దాచడం వేరు, దాని చరిత్రను దాచడం వేరు. మొదటిది స్క్రూడ్రైవర్‌తో అవుతుంది. రెండోదానికి వివేకం కావాలి.

మన కాన్పూర్, మన బెంగళూరు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఈ కథలో మనవాళ్ళది చిన్న పాత్రేం కాదు.

యుద్ధంలో బ్రిటన్‌కి అమెరికా విమానాలను అప్పు పద్ధతిలో ఇచ్చింది. యుద్ధం తర్వాత తిరిగి ఇవ్వాలి, లేదా వాడటానికి వీల్లేకుండా చేయాలి. కాన్పూర్‌లో పదుల సంఖ్యలో బీ-24 లిబరేటర్లను బ్రిటిష్ వాళ్ళు కావాలనే పాడుచేసి పడేసి వెళ్ళిపోయారు. పరికరాలు పగలగొట్టారు, ఇంజన్లలో ఇసుక పోశారు.

స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశానికి బరువైన బాంబర్లు కావాలి, కొనడానికి డబ్బుల్లేవు. బెంగళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ, అంటే ఇప్పటి హెచ్ఏఎల్, ఇంజనీర్లు కాన్పూర్ వెళ్ళి ఆ శిథిలాలను చూశారు. ఒకదాని భాగం ఇంకోదానికి పెట్టి, ఎగరడానికి సరిపోయేంతవరకు బాగుచేశారు. జంషెడ్ మున్షీ అనే హెచ్ఏఎల్ పైలట్ వాటిని ఒక్కొక్కటిగా బెంగళూరుకి ఎగరేసుకొచ్చారు. 40కి పైగా! ఇవి గ్యారంటీ ఉన్న విమానాలు కాదు, చెత్తలోంచి ఏరిన విమానాలు. బెంగళూరులో పూర్తి రిపేరు చేసి 1948 చివర్లో ఎయిర్ ఫోర్స్‌కి ఇచ్చారు. 1968 దాకా అవి మన దగ్గర పనిచేశాయి.

ఇప్పుడు ట్విస్ట్. 18 వేలకు పైగా లిబరేటర్లు తయారుచేసిన అమెరికా దాదాపు అన్నిటినీ కరిగించేసింది. 1968లో ప్రపంచంలో పనిచేసే లిబరేటర్లు ఎక్కడున్నాయి అంటే, ఇండియాలో. అప్పుడు మ్యూజియాలు మన తలుపు తట్టాయి. ఒకటి కెనడాకి వెళ్ళింది, ఒకటి అరిజోనాలోని మ్యూజియానికి, ఒకటి లండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియానికి. పగలగొట్టి పడేసి వెళ్ళినవాళ్ళకే మనం బాగుచేసి బహుమతిగా ఇచ్చాం అన్నమాట!

ఇంకొకటి బెంగళూరులోనే ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పడుంది. 1981లో ఒక బ్రిటిష్ కలెక్టర్ దాన్ని విప్పించి ఇంగ్లండ్ తీసుకెళ్ళాడు. 1984లో అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని కొంది. వేల గంటల పని తర్వాత 1989లో అది మళ్ళీ ఎగిరింది. ఏళ్ళ తరబడి అమెరికా ఊరూరా తిరిగింది. విచ్‌క్రాఫ్ట్ అనే పేరు మీద మీరు యూట్యూబ్‌లో వెతికితే కనిపించేది అదే విమానం. అందులో ఎక్కి ఏడ్చేసిన అమెరికన్ వెటరన్ తాతలకి అది కాన్పూర్, బెంగళూరు మీదుగా వచ్చిందని ఎంతమందికి తెలుసో మరి.

కాబట్టి పాత విమానాలను బతికించిన చరిత్రలో అభిమాన సంఘాలతో పాటు, అవసరం కొద్దీ రిపేరు చేసిన మన ఫ్యాక్టరీ మెకానిక్కుకి కూడా వాటా ఉంది. అభిమానం వల్ల కాదు, లేమి వల్ల దాచాం. కానీ దాచాం.

2019, 2022

ఇప్పుడు కష్టమైన భాగం.

2019 అక్టోబర్ 2. కనెటికట్ రాష్ట్రంలో బ్రాడ్లీ విమానాశ్రయం. అదే కాలింగ్స్ ఫౌండేషన్ వాళ్ళ బీ-17, పేరు నైన్-ఓ-నైన్, రైడ్ కోసం జనాన్ని ఎక్కించుకుని లేచింది. మొత్తం 13 మంది. లేచిన కాసేపటికే ఒక ఇంజన్ ఇబ్బంది పెట్టింది, పైలట్ వెనక్కి తిప్పాడు. రన్‌వే చేరేలోపే నేలకి తగిలి, పక్కకి జారి, ఒక భవనాన్ని గుద్దుకుని మంటల్లో కాలిపోయింది. ఏడుగురు చనిపోయారు. ఇద్దరు పైలట్లు, ఐదుగురు ప్రయాణికులు.

పైలట్‌కి ఆ రకం విమానం మీద 7 వేల గంటలకు పైగా అనుభవం ఉంది. మరి ఏం జరిగింది? అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చెప్పిన కారణాలు ఇవి. ఇంజన్ ఆపేశాక వేగాన్ని, విమానం అమరికను పైలట్ సరిగా సంభాళించలేదు. ఇంజన్ ఇబ్బంది పెట్టడానికి సరైన మెయింటెనెన్స్ లేకపోవడం కారణం. ఆ మెయింటెనెన్స్‌కి బాధ్యుడు కూడా అదే వ్యక్తి. పైలట్ ఆయనే, మెయింటెనెన్స్ డైరెక్టర్ ఆయనే. సంస్థ భద్రతా పద్ధతుల మీద ఎఫ్ఏఏ పర్యవేక్షణ కూడా సరిపోలేదని రిపోర్టు రాసింది.

ఇక్కడ ఇంజనీర్‌గా నేను ఆగిపోతాను. మా ఫీల్డ్‌లో మొదటి నెలలో నేర్పే రూల్ ఒకటుంది: నువ్వు రాసిన కోడ్‌ని నువ్వే రివ్యూ చేసి అప్రూవ్ చెయ్యకూడదు. నీకు తెలివి లేదని కాదు, నీ తప్పు నీకు కనపడదని. కానీ వాలంటీర్లతో నడిచే సంస్థల్లో ఏమవుతుంది? మనుషులు తక్కువ, పని ఎక్కువ. అన్నీ తెలిసిన పెద్దాయన ఒకరుంటారు. ఆయనే నడుపుతారు, ఆయనే చెక్ చేస్తారు, ఆయనే సంతకం పెడతారు. గౌరవం కొద్దీ ఎవరూ అడగరు. మన ఊళ్ళో గుడి కమిటీలో, అసోసియేషన్‌లో ఇలాంటి పెద్దాయన ఉండరా? అక్కడ లెక్కలు తప్పితే డబ్బు పోతుంది. ఇక్కడ లెక్క తప్పితే ప్రాణం పోతుంది.

2020 మార్చిలో ఎఫ్ఏఏ ఆ ఫౌండేషన్‌కి ఇచ్చిన మినహాయింపుని రద్దు చేసింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకునే దారి మూసుకుపోయింది. మన బెంగళూరు లిబరేటర్‌కి కూడా.

2022 నవంబర్ 12. డాలస్ ఎయిర్ షో, ఈసారి సీఏఎఫ్. వాళ్ళ బీ-17 టెక్సాస్ రైడర్స్, 1967 నుంచి సంస్థ దగ్గర ఉన్న విమానం. జనం చూస్తుండగా ఒక పీ-63 ఫైటర్ మలుపు తిరుగుతూ వచ్చి దాన్ని గుద్దింది. రెండూ ముక్కలయ్యాయి. బీ-17లో ఐదుగురు, ఫైటర్‌లో ఒకరు, మొత్తం ఆరుగురు చనిపోయారు. వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నేను ఇక్కడ వెయ్యను.

ఇది మెయింటెనెన్స్ సమస్య కాదు. 2024 చివర్లో వచ్చిన తుది రిపోర్టు సారాంశం ఏమిటంటే, ఏ విమానం ఏ ఎత్తులో, ఎంత దూరంలో ఉండాలో ముందే చెప్పుకున్న ప్లాన్ సరిగా లేదు. ఎయిర్ బాస్ అని ఒకాయన కింద నుంచి రేడియోలో అప్పటికప్పుడు చెప్తుంటాడు, పైలట్లు ఒకరినొకరు కళ్ళతో చూసుకుని తప్పుకోవాలి. కానీ ఆ మలుపులో ఫైటర్ పైలట్‌కి ముందున్న బాంబర్ కనపడే కోణమే సరిగా లేదు. మన భాషలో చెప్పాలంటే రేస్ కండిషన్. రెండు ప్రాసెస్‌లు ఒకే చోటికి వస్తున్నాయి, మధ్యలో లాక్ లేదు. అన్నాళ్ళూ ఏమీ కాలేదంటే డిజైన్ బాగుందని కాదు, టైమింగ్ కలిసొచ్చిందని.

ఇలాంటివి అక్కడే అనుకోకండి. 2010 మార్చి 3న మన బేగంపేట ఎయిర్ షోలో నేవీ వాళ్ళ సాగర్ పవన్ బృందం విమానం ఒకటి బోయినపల్లిలో ఇళ్ళ మధ్య కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. హైదరాబాద్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2015 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో పాత హంటర్ జెట్ ఒకటి రోడ్డు మీద పడింది. 11 మంది పోయారు. పైలట్ బతికాడు. పోయినవాళ్ళంతా నేల మీదున్నవాళ్ళే.

మరి ఎగరాలా, వద్దా?

వద్దు అనేవాళ్ళ వాదన చాలా బలమైనది. ఇవి మళ్ళీ పుట్టవు. 12,700 బీ-17ల్లో ఎగిరేవి పదికి లోపే ఉన్నాయి, మూడేళ్ళలో రెండు పోయాయి. మనుషుల ప్రాణం దానికన్నా ముఖ్యం. లోహం కూడా అలిసిపోతుంది: 2023లో బీ-17 రెక్కలను కలిపే చోట తనిఖీలు చేయాల్సిందేనని ఎఫ్ఏఏ ఆదేశించింది. తాళపత్ర గ్రంథాన్ని గాజు పెట్టెలో పెడతాం గానీ రోజూ తిప్పి చదవం కదా అంటారు.

ఎగరాలి అనేవాళ్ళు ఏమంటారంటే, నేల మీద పెట్టిన రోజు నుంచి జ్ఞానం చావడం మొదలవుతుంది. ఫిఫీ సంగతే చూడండి. ఇంజన్లు నమ్మకంగా లేవని 2006లో ఆపేశారు. వేర్వేరు మోడళ్ళ భాగాలు కలిపి కొత్తగా ఇంజన్లు కట్టించుకుని 2010లో మళ్ళీ ఎగరేశారు. ఎగరాలి అన్న లక్ష్యం లేకపోతే ఆ ఇంజన్ గురించి అంత లోతుగా ఎవరు నేర్చుకునేవాళ్ళు? వాడని కూచిపూడి పుస్తకంలో మిగులుతుంది గానీ కాళ్ళలో మిగలదు.

నాకు ఈ రెండు వాదనలకన్నా ఒక మూడో ఉదాహరణ ఎక్కువ నచ్చింది. బ్రిటన్‌లో వల్కన్ అని త్రికోణం రెక్కల పెద్ద జెట్ బాంబర్. ఎక్స్‌హెచ్ 558 అనే విమానాన్ని ఆర్ఏఎఫ్ 1993లో అమ్మేసింది. వల్కన్ టు ద స్కై ట్రస్ట్ అనే ఛారిటీ ప్రజల విరాళాలతో, లాటరీ నిధి ఇచ్చిన 27 లక్షల పౌండ్లతో 2007 అక్టోబర్ 18న దాన్ని మళ్ళీ ఎగరేసింది. ఎనిమిదేళ్ళు దేశమంతా చూసింది. తర్వాత, సాంకేతికంగా అండగా ఉన్న రోల్స్-రాయిస్, బీఏఈ, మార్షల్ కంపెనీలు ఇక మద్దతు కొనసాగించలేమన్నాయి. తెలిసిన చేతులు రిటైరైపోతున్నాయి. ట్రస్ట్ ఏం చేసింది? జనం గొడవ చేస్తున్నా, డబ్బులొస్తున్నా, 2015 అక్టోబర్ 28న ఆఖరిసారి ఎగరేసి ఆపేసింది. ప్రమాదం జరగలేదు. ఎవరూ చనిపోలేదు. విమానం ఉంది.

ఆ 'ఆపేయడం' అన్నదే నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో గొప్ప ఇంజనీరింగ్ నిర్ణయం. అక్కడ గమనించాల్సింది, ఆపమని చెప్పగలిగిన మూడోవాళ్ళు బయట ఉన్నారు. వాళ్ళ సంతకం లేకపోతే విమానం లేవదు. నైన్-ఓ-నైన్‌కి అలాంటి బయటి సంతకం బలంగా లేదు. తేడా ప్రేమలో లేదు అండి, రెండు సంస్థలకీ ప్రేమ ఉంది. తేడా 'వద్దు' అనే అధికారం ఎవరి చేతిలో ఉందో అందులో ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఎగరనివ్వండి. కానీ నడిపేవాడు, చెక్ చేసేవాడు ఒకడు కాకూడదు. షోలో ఎత్తులు, దూరాలు ముందే కాగితం మీద ఉండాలి. ఒక రకంలో ఆఖరిది మిగిలితే దాన్ని కూర్చోబెట్టాలి. టికెట్ కొన్నవాళ్ళకి, ఇది బోయింగ్ 737 కాదు, 80 ఏళ్ళ నాటి యంత్రం అని సూటిగా చెప్పాలి. చరిత్ర కోసం రిస్క్ తీసుకునే హక్కు సభ్యుడికి ఉంది. రోడ్డు మీద కారులో వెళ్ళేవాడి తరఫున ఆ రిస్క్ తీసుకునే హక్కు ఎవరికీ లేదు.

మన దగ్గర కూడా ఒక చిన్న మొదలు ఉంది. 1947 అక్టోబర్ 27న మన సైనికులను శ్రీనగర్‌లో దించిన డకోటా విమానాల గుర్తుగా, రాజీవ్ చంద్రశేఖర్ పాత డకోటా ఒకటి కొని, బ్రిటన్‌లో బాగుచేయించి ఎయిర్ ఫోర్స్‌కి బహుమతిగా ఇచ్చారు. వాళ్ళ నాన్నగారు ఎయిర్ ఫోర్స్‌లో డకోటా పైలట్. 2018 ఏప్రిల్‌లో అది అక్కడి నుంచి ఎగురుకుంటూనే ఇండియా వచ్చింది. పేరు పరశురామ. దాన్ని చూసుకునేది ఎయిర్ ఫోర్స్, సంఘం కాదు. బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఒకప్పుడు ఇవే డకోటాలు నడిపింది, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయేదాకా. ఆ కథ వేరే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.

మీ ఇంట్లో ఎవరైనా హెచ్ఏఎల్‌లో గానీ, ఎయిర్ ఫోర్స్‌లో గానీ, బేగంపేట ఎయిర్‌పోర్ట్‌లో గానీ పాత రోజుల్లో పనిచేసి ఉంటే, వాళ్ళని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఏ ఇంజన్, ఏ సమస్య, ఎలా బాగుచేశారు, అన్నీ అడగండి. విమానం ఎగిరినా ఎగరకపోయినా, ముందు పోయేది ఆ జ్ఞానమే. దాన్ని దాచడానికి రన్‌వే అక్కర్లేదు.

పాత విమానాలు ఎగరాలా, గాజు గదిలో ఉండాలా? మీరేమనుకుంటున్నారో కామెంట్లో రాయండి, కారణంతో సహా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.